చీతా కథ

బీదర్‌లో వాయుసేన పైలట్లకి శిక్షణ ఇస్తారని మన దుబల్గుండిలో చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు. కానీ ఇక్కడ నేర్పేది జెట్ విమానం. హెలికాప్టర్ నేర్చుకోవాలంటే హైదరాబాదు పక్కన హకీంపేటకి పోవాలి. అక్కడ ఎంతోమంది పైలట్లు ఓనమాలు దిద్దుకున్నది చేతక్ మీద.

చేతక్ అనేది రాణా ప్రతాప్ గుర్రం పేరు. హెలికాప్టర్ మాత్రం ఫ్రాన్స్‌లో పుట్టింది. అక్కడ దాని పేరు అలూయెట్ 3. అలూయెట్ అంటే భరతపక్షి. దీని అక్క అలూయెట్ 2, 1955లో ఎగిరింది. బరువైన పిస్టన్ ఇంజన్ బదులు తేలికైన టర్బైన్ ఇంజన్ పెట్టడమే అందులో విశేషం. 1962లో ఒప్పందం కుదిరి, బెంగళూరు హెచ్.ఎ.ఎల్.లో చేతక్ తయారీ మొదలైంది.

చిక్కంతా హిమాలయాల్లో వచ్చింది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. రెక్కలకి ఊతం చాలదు, ఇంజనూ నీరసిస్తుంది. ఇంకా ఎత్తుకి పోయేది కావాలని 1968లో మన సైన్యం అడిగింది. ఫ్రెంచివాళ్లు కొత్తగా ఏమీ కనిపెట్టలేదు. అక్క చిన్న ఒంటికి చెల్లెలి బలమైన ఇంజన్, రెక్కలు బిగించారు, అంతే! అదే 1969లో ఎగిరిన లామా, మన చీతా.

1972 జూన్ 21న జాఁ బూలే లామాని 12,442 మీటర్ల ఎత్తుకి తీసుకెళ్లాడు. అక్కడ ఇంజన్ ఆగిపోయింది! అయినా పడిపోలేదు. దిగుతున్నప్పుడు కిందినుంచి తగిలే గాలికే రెక్కలు తిరుగుతుంటాయి, వాటి ఆసరాతోనే క్షేమంగా నేలకి దిగాడు. ఆ రికార్డు ఎన్నో ఏళ్లు నిలిచింది.

1999 కార్గిల్ యుద్ధంలో గుంజన్ సక్సేనా, శ్రీవిద్యా రాజన్ నడిపింది ఈ చీతానే.