భిక్షాపాత్రలో అన్నం

ఉత్తర థాయిలాండ్ పల్లెల్లో తెల్లవారుతుండగానే బౌద్ధ భిక్షువు పాత్ర పట్టుకుని వీధి వెంట వస్తాడు. గడప ముందు వేచి ఉన్న ఇల్లాలు అందులో అన్నం వేస్తుంది. తొంభైలలో ఎయిడ్స్ ఆ ప్రాంతాన్ని కుదిపేసినప్పుడు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల చేతి వంట ముట్టడానికి ఇరుగుపొరుగు జంకేవాళ్లు. అలాంటి ఇంటి ముందు భిక్షువు ఆగి, ఆ అన్నమే తీసుకుని తిన్నాడంటే, కలిసి తింటే వైరస్ అంటుకోదని ఊరికి మళ్లీ చెప్పే పని ఉండదు. 1997లో చియాంగ్ మైలో, మహామకుట్ బౌద్ధ విశ్వవిద్యాలయం ఆవరణలో మొదలైన ‘సంఘ మెత్తా’ కార్యక్రమం భిక్షువులకు ఈ పనిలోనే శిక్షణ ఇచ్చింది. పాళీలో మెత్తా అంటే మన మైత్రి. ఆ శిక్షణ లావోస్, కంబోడియా, బర్మా దాకా వెళ్లింది. దుఃఖం, దాని కారణం, నివారణ, మార్గం అన్న బౌద్ధ చట్రంలో చెప్పిన పాఠం కాబట్టి సరిహద్దు దాటినా కొత్తగా అనిపించలేదు.

హెచ్‌ఐవీ నివారణలో మతానికున్న అసలు బలం ప్రబోధం కాదు, సిగ్గును తుడిచేయగలగడం. ఇది మెత్తని మాట కాదు, వైద్యపరంగానూ నిజం. రోజూ మందులు వేసుకుంటూ, రక్తపరీక్షలో వైరస్ కనిపించనంతగా తగ్గిన మనిషి నుంచి శృంగారం ద్వారా మరొకరికి అది సోకదు. అంటే ఒకరు ధైర్యంగా పరీక్షకు వెళ్లడమే ఇంకొకరికి రక్షణ. 2024 చివరికి ప్రపంచంలో సుమారు 4.08 కోట్ల మంది హెచ్‌ఐవీతో జీవిస్తుంటే, వాళ్లలో దాదాపు 92 లక్షల మందికి చికిత్స అందడం లేదు. పేదరికం, దూరం, యుద్ధం కారణాలే. కానీ ఆస్పత్రి వరండాలో ఎవరైనా చూస్తారేమోనన్న భయం కూడా చిన్న కారణం కాదు.

ఆ భయాన్ని పెంచి పోషించింది మతమే కదా అనేవాళ్లున్నారు. కాదనలేం. ‘పాపానికి శిక్ష’ అన్న మాట బోధకుల నోటే ఎక్కువగా వినిపించింది. అందుకే దాన్ని వెనక్కి తీసుకోవాల్సిందీ వాళ్లే; డాక్టరు చెబితే అది తీరదు. ఉగాండా ఆంగ్లికన్ గురువు గిడియన్ బ్యాముగిషా 1992లో తనకు హెచ్‌ఐవీ ఉందని బహిరంగంగా చెప్పారు. ఆఫ్రికాలో ఒక మతగురువు అలా చెప్పడం అదే మొదలు. బయటపడిన గురువుకు సొంత సంఘంలోనే నిలువనీడ ఉండకపోవచ్చు. అలాంటివాళ్లకు అండగా 2003లో ఆయన చొరవతో ‘అనెరెలా’ అనే మతగురువుల సంస్థ ఏర్పడింది. తర్వాత ఇతర ఖండాలకూ విస్తరించింది. సంయమనం, విశ్వాసపాత్రత, కండోమ్ అన్న పాత సూత్రం చాలదని ఆ గురువులే వాదించారు. భర్త తప్ప అన్యమెరుగని భార్యకు వైరస్ సోకితే, ఆ సూత్రం ఆమెనే దోషిగా నిలబెడుతుంది. దాని స్థానంలో సురక్షిత పద్ధతులు, మందులు, స్వచ్ఛంద పరీక్ష, సాధికారత అన్నవాటి ఇంగ్లీషు మొదటి అక్షరాలు కలిపి ‘సేవ్’ అన్నారు.

కండోమ్ విషయంలో మాత్రం మతసంస్థలను నేను సమర్థించలేను. ప్రాణం కాపాడే వస్తువును నైతికత పేరుతో దాచిపెట్టడం తప్పు. 2003లో అమెరికా తెచ్చిన ఎయిడ్స్ సాయం చట్టం నివారణ నిధుల్లో మూడో వంతును పెళ్లిదాకా సంయమనం అన్న ప్రచారానికే కేటాయించి, ఆ తప్పును చట్టంలోనే రాసింది. అయినా మతం ఈ విషయంలో ఎప్పటికీ మారదనడం సరికాదు. ఉగాండా ఇస్లామిక్ వైద్యుల సంఘం 1992లో ఇమామ్‌లకు శిక్షణ మొదలుపెట్టినప్పుడు, సున్తీకి వాడే బ్లేడు, మృతదేహానికి చేయించే స్నానం వంటి విషయాలు కూడా చర్చకొచ్చాయి. ఏ సర్కారు పోస్టరూ ఇంత లోపలికి వెళ్లదు. కండోమ్‌పై మొదట్లో ఎదురైన వ్యతిరేకతను కూడా మాటలతోనే మెత్తబరిచారు: ముందు సంయమనం, ఆ తర్వాత దాంపత్య నిష్ఠ, అవి సాధ్యం కానిచోట కండోమ్.

2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని నిలిపేసినప్పుడు ఆఫ్రికాలో ఎన్నో క్లినిక్‌ల పని ఆగింది. మసీదులూ చర్చిలూ తెరిచే ఉన్నాయి. కానీ ఇమామ్ మాట నమ్మి పరీక్షకు వచ్చిన మనిషికి ఇవ్వాల్సిన మాత్రలు మసీదులో ఉండవు.