ములాఖత్‌కు ఎవరూ రాని ఖైదీకి దిక్కెవరు?

పాతబస్తీలోని చంచల్‌గూడ జైలు 1876 నాటిది. ఇక్కడే కాదు, ఏ జైల్లోనైనా ములాఖత్‌కు ఎవరూ రాని ఖైదీలుంటారు. కేసు పడగానే పరువు పోయిందని ఇంటివాళ్లే ముఖం చాటేస్తారు. కోర్టు బెయిల్ ఇచ్చినా జామీను ఉండేవాళ్లు లేక కొందరు లోపలే మగ్గిపోతారు.

ఇలాంటి వారికోసమే కొన్ని క్రైస్తవ సంస్థలు పనిచేస్తున్నాయి. 1981లో కేరళలో మొదలైన ప్రిజన్ మినిస్ట్రీ ఇండియా వాలంటీర్లు జైళ్లకెళ్లి ఖైదీలతో మాట్లాడతారు, కుటుంబాలకు నచ్చజెప్తారు, విడుదలైనవారికి ఆసరా చూస్తారు.

సర్కారు సాయం కూడా ఉంది. 2023లో కేంద్రం తెచ్చిన పథకం కింద పేద విచారణ ఖైదీ బెయిల్‌కు, శిక్షపడినవారి జరిమానాకు డబ్బు సాయం చేస్తారు; 2023 నాటి నిబంధనల్లో ఇది బెయిల్‌కు రూ.40 వేల వరకు, జరిమానాకు రూ.25 వేల వరకు ఉండేది. బెయిల్ వచ్చి వారమైనా బయటకు రాకపోతే జైలు అధికారులు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలి. ఖైదీలకు అక్కడ వకీలు ఉచితం.