పెరటి ఈతకొలను – నీటి వాటము

బొగ్గుగనుల పనికై తెలుగునేల విడిచి వచ్చి, పద్మాపూర్ పరిసరములలో స్థిరపడిన కుటుంబములు అనేకము. ఉపరితల గనిని ఎఱిగినవారికి ఒక సంగతి విదితమే. గొయ్యి త్రవ్వుట ఒక యెత్తు, అందులోనికి నీరు రాకుండ కాపాడుట మఱియొక యెత్తు. అందుకే గని అంచు చుట్టును మాలవలె కాలువ త్రవ్వి, పైనుండి వచ్చు వాననీటిని ప్రక్కకు మరలింతురు. లోపల చేరిన నీటిని అడుగున నొక సంపునకు చేర్చి పంపులతో తోడుదురు. పెరటిలో ఈతకొలను కట్టదలచువారికిని ఇదియే మొదటి పాఠము. కొలనులో నీరు నింపుట సులభము. కొలను వెలుపలి నీటికి దారి చూపుటయే అసలు పని.

ఇది నేటి మాట కాదు. నాలుగువేల యేండ్లకు పూర్వమే మొహెంజొదారో మహాస్నానవాటికను కట్టినవారు, సుమారు 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు గల ఆ కొలనునకు ఇటుకల వెనుక తారువంటి పూత పూసిరి; అడుగును ఒక మూలకు వాలుగ పఱచి, అచ్చట నుండి నీరు పోవుటకు పెద్ద తూము నిర్మించిరి.

మన జిల్లాలో ఏటా వేయి మిల్లీమీటర్లకు మించి వాన కురియును. అందధికభాగము జూన్, సెప్టెంబరు మాసముల నడుమనే. 100 చదరపు మీటర్ల పెరటిపై 100 మిల్లీమీటర్ల వాన పడినచో 10,000 లీటర్ల నీరగును. ఇంటికప్పు నీరు దీనికి అదనము. ఈ నీరు ఏ దారిని పోవలయునో గొయ్యి త్రవ్వకమునుపే నిర్ణయింపవలెను.

ఇంటిగోడ నుండి వెలుపలికి మొదటి 10 అడుగులలో 6 అంగుళముల వాటముండుట మేలు. కొలను చుట్టు గచ్చునకు అడుగునకు పావు అంగుళము వాటము చాలును. అదియు కొలనువైపు గాక వెలుపలికి ఉండవలెను. కొలను అంచును పెరటిమట్టముకంటె కొంచెము ఎత్తుగ నిలిపి, పల్లపు కాలువను ఎగువవైపున త్రవ్వినచో బురదనీరు లోనికి రాదు. మేస్త్రీలు వాడు నీటిగొట్టముతో ఈ మట్టములన్నియు ముందే గుర్తింపవచ్చును.

భూమిలోని నీటిని గూర్చి అంతకంటె జాగరూకత వలయును. ఈ ప్రాంతమున పలుచోట్ల నల్లరేగడి కలదు. అది నానిన పొంగును, ఎండిన నెఱ్ఱెలు విచ్చును. నీటిని త్వరగ ఇంకనీయదు. కావున కొలనుగోడ వెనుక వదులుగ నింపిన మట్టిలో వాననీరు తొట్టెలోవలె నిలుచును. కొలను అడుగుభాగముకంటె ఒక మీటరు ఎత్తున ఆ నీరు నిలిచినచో, 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల కొలనును క్రిందినుండి సుమారు 18 టన్నుల బలము పైకి నెట్టును. కొలను నిండియున్నపుడు లోని నీటిబరువు దానిని అణచును. ఖాళీ చేసిన మఱునాడే అడుగు బీటలు వాఱవచ్చును, కొలనే పైకి లేవవచ్చును. ఇందులకు విరుగుడు, అడుగున కంకరపొర పఱచి, రంధ్రముల గొట్టము వేసి, దానిని ఒక చిన్న సంపుబావికి చేర్చుట. వానకాలమున కొలనును ఎన్నడును పూర్తిగ ఖాళీ చేయరాదు.

త్రవ్విన మట్టి పొంగి, గొయ్యికంటె ఎక్కువ స్థలమాక్రమించును. దానిని పెరటిలోనే పఱచి మెరక చేసినచో మన వాననీరు పొరుగువారి గుమ్మములోనికి పోవును. కొలను కడిగిన మందునీటిని వారి బావివైపు విడుచుటయు అట్టి దోషమే. పైకము వెచ్చించి కట్టిన కొలను పొరుగుతో వైరమునకు మూలము కారాదు.

కావున తొందర వలదు. ఒక వానకాలము పెరటిని పరిశీలించి, నీరు నిలుచు తావులను, పాఱు దారులను కాగితముపై గుర్తించుకొనుడు. పిమ్మట ఇంజనీరును సంప్రదించి, మొదట కాలువ, తరువాత గొయ్యి, చివర గచ్చు అను వరుసలో పని సాగింపుడు. కొలను చుట్టు పిల్లలు ఎక్కలేని కంచెయు, తనంత మూసుకొను తలుపును ఆ లెక్కలోనే చేర్చుడు.