పూల షీటు గళ్లలో నల్ల మురికి: వదిలించేదెలా?

నిజామాబాద్: పసుపు కళ్లం నుంచో, చెరకు మడి నుంచో వచ్చిన మనిషి కాళ్లకు అంటిన నల్లరేగడి గడప దాటగానే నేల మీదికి దిగుతుంది. బండల ఇల్లయితే రెండు బిందెల నీళ్లు పోసి చీపురుతో నెట్టేస్తే సరిపోతుంది. గచ్చు మీద గరుకు గళ్ల వినైల్ షీటు పరచుకున్న ఇంట్లో మాత్రం ఆ ఉపాయం పారదు. కాలు జారకుండా వేసిన ఆ గళ్లే మురికికి గూళ్లవుతాయి. రోజూ తుడిచినా షీటు నల్లగానే కనిపిస్తుంది.

కారణం ఏమిటి?

తడిగుడ్డ గళ్ల మీదుగా జారిపోతుందే కాని, లోపలికి దిగదు. పైగా ఒకే బకెట్‌లో గుడ్డ ముంచి తుడిస్తే మురికినీరు వెళ్లి గుంటల్లోనే ఆరుతుంది. సబ్బు ఎక్కువ వేసి సరిగా కడగకపోతే జిగట పొర మిగిలి, మర్నాటి దుమ్మును పట్టి ఉంచుతుంది. బీడీలు చుట్టే ఇళ్లలో తంబాకు పొడి కూడా ఇందులో చేరుతుంది. పసిపిల్లలు పాకేదీ, చేతులు నోట్లో పెట్టుకునేదీ ఆ నేల మీదే కదా!

శుభ్రం చేసే పద్ధతి

మొదట పొడిగా ఊడ్చి ఇసుక రేణువులు లేకుండా చూడాలి. బకెట్ గోరువెచ్చని నీటిలో రెండు చెంచాల బట్టల సబ్బు పొడి కలపాలి. నాలుగడుగుల మేర మాత్రం తడిపి పది నిమిషాలు నాననివ్వాలి. తర్వాత మెత్తని బ్రష్‌తో అటూ ఇటూ, నిలువునా అడ్డంగా రుద్దాలి. పైకి తేలిన నల్లనీటిని ఆరకముందే గుడ్డతో పీల్చాలి. రెండో బకెట్‌లోని మంచినీటితో రెండుసార్లు తుడిచి, పొడిగుడ్డతో ఆర్చాలి. అప్పుడే పక్క భాగానికి వెళ్లాలి. మొండి మచ్చ మిగిలితే తినే సోడాను నీటితో ముద్ద చేసి రుద్దితే సరిపోతుంది.

ఇనుప పీచు వాడరాదు. అది చేసే గీతల్లో మరింత మురికి చేరుతుంది. నీళ్లు కుమ్మరించడం కూడా తగదు. అంచుల కింద చేరిన తడి బూజు పట్టి వాసన కొడుతుంది. బెల్లం పాకం, చెరకు రసం మరకలకు మందులేవీ అక్కరలేదు. వెచ్చని తడిగుడ్డ కాసేపు వేసి ఉంచితే కరిగిపోతాయి.

పసుపు మరక మీద సబ్బు పడితే ఎర్రబారుతుంది. కంగారు పడనక్కరలేదు. పసుపులో సున్నం కలిస్తే పారాణి అయినట్లే ఇదీను. బాగా కడిగితే మళ్లీ పసుపు రంగుకు వస్తుంది. షీటు తీయడానికి వీలైతే ఎండలో వేయాలి. ఎండకు పసుపు రంగు క్రమంగా వెలిసిపోతుంది.

పాత భవనాల్లో ఉండే లినోలియం వేరు. 1860లలో ఇంగ్లండులో ఫ్రెడరిక్ వాల్టన్ కనిపెట్టిన ఈ పరుపు అవిసె నూనె, కార్కు పొడి, రంపపు పొట్టుతో జనపనార గుడ్డ మీద తయారవుతుంది. చాకలి సోడా వంటి ఘాటు క్షారం దాని నూనెను తినేస్తుంది. దానికి కొద్దిపాటి సబ్బునీరే శ్రేయస్కరం.

ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు

మురికి మొండికేసిందని కొందరు మరుగుదొడ్డి యాసిడ్‌నూ, బ్లీచింగ్ పౌడర్‌నూ కలిపి పోస్తుంటారు. ఈ రెండూ కలిస్తే క్లోరిన్ విషవాయువు వెలువడుతుంది. మూసిన గదిలో అది ఊపిరితిత్తులను దెబ్బతీసి ప్రాణాలు తీయగలదు. పొరపాటున కలిసి ఘాటు వస్తే, అక్కడ నిలబడి కడగబోకుండా పిల్లలతో సహా వెంటనే బయటి గాలికి రావాలి. దగ్గు, ఆయాసం ఉంటే ఆసుపత్రికి వెళ్లాలి. కిరోసిన్, పెట్రోలుతో తుడవడమూ ప్రమాదమే. షీటు పాడవడమే కాక, పొయ్యి దగ్గరైతే ఇల్లే అంటుకుంటుంది.

సబ్బు జిగురు మిగిలిన నేల మీద ముసలివాళ్లు జారిపడితే తుంటి ఎముక విరగవచ్చు. కనుక చివర మంచినీటితో తుడవడం మాత్రం మరవరాదు.

అన్నిటికన్నా తేలికైన ఉపాయం మన పెద్దలు ఏనాడో చూపారు. వాకిట్లో నీళ్ల గోళెం, పక్కన చెంబు, గడప ముందు గోనెపట్టా ఉంటే చాలు. కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చే ఇంట్లో బ్రష్‌కు పని తక్కువ.