ఇంటికే వచ్చిన వెండితెర: వెలవెలబోతున్న సినిమా హాళ్లు

న్యూఢిల్లీ: దేశ రాజధాని నడిబొడ్డున కన్నాట్ ప్లేస్‌లో 1932లో ప్రారంభమైన రీగల్ సినిమా హాలు 2017 మార్చి 30న చివరి ఆటతో మూతపడింది. ఆ రోజు రాజ్‌కపూర్ చిత్రాలు 'మేరా నామ్ జోకర్', 'సంగమ్' ప్రదర్శించగా, వీడ్కోలు పలికేందుకు ప్రేక్షకులు పెద్ద సంఖ్యలో తరలివచ్చారు. అంతకుముందు మామూలు రోజుల్లో ఆ ఆదరణ కరవైనందువల్లే హాలుకు ఆ గతి పట్టింది.

ఇంట్లో బొమ్మ చూసే అలవాటు హాళ్లను దెబ్బతీయడం ఇది మొదటిసారి కాదు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల నాటికి రంగుల టెలివిజన్ వచ్చింది. దాని వెంటే వీడియోలు, దొంగ క్యాసెట్లు ఊరూరా వ్యాపించాయి. 1991 తర్వాత కేబుల్ టీవీ అదే పని చేసింది.

రెండుసార్లూ పరిశ్రమ తేరుకుంది. 1994లో 'హమ్ ఆప్ కే హై కౌన్' నిర్మాతలు వీడియో హక్కులను వెంటనే విక్రయించకుండా ఆపి, కుటుంబ ప్రేక్షకులను తిరిగి హాళ్లకు రప్పించారు. 1997లో ఢిల్లీలోని సాకేత్‌లో తొలి మల్టీప్లెక్స్ వెలిసింది. అయితే సౌకర్యాలతోపాటు టికెట్ల ధరలూ పెరిగాయి.

మూడో దెబ్బ మరింత తీవ్రమైనది. 2016 నుంచి ఇంటర్నెట్ డేటా చౌక కావడంతో సినిమా సెల్‌ఫోన్‌లోకే చేరింది. 2020 మార్చిలో కరోనా కారణంగా హాళ్లు మూతపడగా, జూన్‌లో అమితాబ్ బచ్చన్ నటించిన 'గులాబో సితాబో' హాళ్లతో నిమిత్తం లేకుండా నేరుగా ఓటీటీలో విడుదలైంది. ఇప్పుడు దక్షిణాది చిత్రాలు అనేకం విడుదలైన నాలుగు వారాలకే ఇళ్లలో ప్రత్యక్షమవుతున్నాయి. ఒక్క నెల ఓపిక పడితే చాలునన్న ధోరణి ప్రేక్షకులలో బలపడింది.

ప్రేక్షకులు హాళ్లను పూర్తిగా విడిచిపెట్టారనుకోవడం సరికాదు. 2024 డిసెంబరులో విడుదలైన 'పుష్ప-2'కు దేశవ్యాప్తంగా జనం పోటెత్తారు. కానీ అదే ఏడాది మే నెలలో తెలంగాణలో ఒకే తెర ఉన్న థియేటర్లు పది రోజులపాటు ప్రదర్శనలు నిలిపివేశాయి. ఎన్నికలు, ఐపీఎల్ క్రికెట్, పెద్ద చిత్రాల కొరత కలిసి వాటిని కుంగదీశాయి. హాలులో వెయ్యి మంది ఉన్నా, యాభై మంది ఉన్నా కరెంటు ఖర్చు, సిబ్బంది జీతాలు తప్పవు. ఏడాదికి నాలుగైదు పెద్ద చిత్రాల రాబడితో మిగిలిన నెలలు గడవడం కష్టం.

వంద రూపాయల లోపు టికెట్లపై జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించడం చిన్న హాళ్లకు కొంత ఊరట. అయితే పన్ను తగ్గినంత మాత్రాన ఖాళీ కుర్చీలు నిండవు. మల్టీప్లెక్స్ ధర భరించగలవారికి అటు హాలూ ఉంది, ఇటు ఇల్లూ ఉంది. పాత హాలు మూతపడినప్పుడు నష్టపోయేది దాని యజమాని ఒక్కడే కాదు. రోజు కూలి డబ్బులో కొంత మిగుల్చుకుని, పదిమందితో కలిసి ఈలవేసి బొమ్మ చూసిన నేల టికెట్ ప్రేక్షకుడు కూడా. అతనికి మిగిలేది చేతిలోని చిన్న తెర మాత్రమే.