నాణెం మీది చిలుము

బంగారు వర్తకానికి పేరుపొందిన ప్రొద్దుటూరులో ఏ లోహవస్తువును చేతికిచ్చినా వర్తకుడు మొదట రెండు సంగతులు చూస్తాడు: తూకమెంత, వన్నె ఎంత. ఆభరణానికి ఆ పరీక్ష చాలు. పాత నాణేనికి చాలదు. దానికి మూడవదొకటున్నది. అది ఏండ్ల తరబడి లోహం మీద ఏర్పడిన సన్నని పొర. మన ఇండ్లలో పాత పెట్టె అడుగున నాణెం కనబడగానే జరిగే మొదటి పని చింతపండు పెట్టి తోమటం. దాని తళతళను చూసి ఇంటివారు మురిసిపోతారు. నాణేలు సేకరించేవాడు పెదవి విరుస్తాడు. ఆ విరుపుకు కారణమేమో విద్యార్థులకు వివరించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతం ఎన్నో పాలనలను చూసింది గనుక ఇక్కడ దొరకగల నాణేలూ అన్ని రకాలు. విజయనగర రాజుల వరహాలు సుమారు 3.4 గ్రాముల బంగారువి. పెమ్మసాని నాయకుల గండికోట గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశమైన పిమ్మట, 1652లో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఆయనను ఆ కోటలోనే దర్శించాడు. తరువాత మొగలులు, కడప నవాబులు, 1779లో హైదరలీ వచ్చారు. టిప్పు సుల్తాను గుత్తికి ఫైజ్ హిసార్ అని పేరుపెట్టి అక్కడ టంకశాల నడిపాడు. ఆయన రాగి పైసాల మీద ఏనుగు బొమ్మ ఉంటుంది. మౌలూదీ సంవత్సరాంకెలను మాత్రం కుడినుండి ఎడమకు చదవాలి. ఇది తెలియక తేదీని తలక్రిందులుగా చెప్పేవారు పలువురు. 1800లో ఈ సీమ ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. 1808 నాటి పది కాసుల రాగి నాణెం మీద 'దహ్ కాస్ దో ఫులూస్ అస్త్' అని పారసీలో ఉంటుంది. పది కాసులు రెండు ఫులూసులని అర్థం. ఉర్దూ లిపి నేర్చిన మన విద్యార్థికి ఇది అరనిమిషం పని. సొమ్మును నేటికీ మనం దుడ్లు అంటున్నామంటే ఆ రాగి నాణేల జ్ఞాపకం నాలుక మీద మిగిలి ఉన్నదన్నమాట!

ఇక పొర సంగతి. వెండి గాలిలోని గంధక వాయువులతో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అవుతుంది. అది మిక్కిలి పలుచనగా ఉన్నప్పుడు పసుపుగాను, దళసరి అయ్యేకొద్దీ ఎరుపు, నీలి వన్నెలతోను, కడకు నల్లగాను కనిపిస్తుంది. నీటి మీది నూనె తెట్టెలో రంగులు కనిపించటానికీ ఇదే కారణం. రాగి మొదట ఆమ్లజనితో కలిసి ఎర్రబారి, గోధుమవన్నెకు తిరుగుతుంది. భూమిలో తేమ, బొగ్గుపులుసు వాయువు తగిలితే పచ్చని చిలుము పడుతుంది. నునుపుగా, లోహంతో ఏకమై ఉన్న చిలుము నాణేనికి కవచం. పొడిపొడిగా రాలే లేత ఆకుపచ్చ మచ్చలు మాత్రం వేరు, అది రోగం. ఉప్పు కలిసిన చౌడునేలలలోని క్లోరైడులు తేమ తగిలినప్పుడల్లా లోహాన్ని తినివేస్తూ పోతాయి. అటువంటి దానిని తక్కిన నాణేలనుండి వేరుచేసి, తడి తగలనిచోట ఉంచాలి.

చింతపండులోని టార్టారిక్ ఆమ్లం రాగి మీది కవచాన్ని కరిగించివేస్తుంది. బూడిదతో తోమితే వెండి మీది పొరతోపాటు అక్షరాల అంచులూ అరిగిపోతాయి. పోయిన పొరను ఏ స్వర్ణకారుడూ తిరిగి తేలేడు. కొందరు మోసగాళ్లు తోమిన నాణేనికి గంధకపు పొగ పట్టించి పాతదనిపిస్తారు. సహజమైన వన్నె ఒక రంగునుండి మరొక రంగుకు మెల్లగా జారుతుంది. అంటగట్టిన రంగు అక్షరాల మీద, గుంటలలో ఒకే తీరుగా పులుముకొని ఉంటుంది. పొడి నూలుగుడ్డతో సుతారంగా ఒత్తినప్పుడు గుడ్డకు రంగంటితే అది పూతే.

ప్రాచీనత్వమే విలువ అనుకోవటం మరొక భ్రమ. 1862 అంకె గల విక్టోరియా రూపాయలు 1874 వరకు అదే అంకెతో అచ్చయ్యాయి; అందుచేత అవి విస్తారం. 1939 నాటి ఆరవ జార్జి వెండి రూపాయి వాటికంటె ఎంతో చిన్నది, ఎంతో అరుదైనది. తూకానికి రెండూ ఒక్కటే, 11.66 గ్రాములు, అంటే సరిగ్గా తులం. కరగబోసేవానికి రెంటికీ ఒకే ధర. కాసులపేరులో కూర్చిన నాణెం స్త్రీల మెడలో అందమైనదే, కాని కొక్కెం అతికినప్పుడు తగిలిన నిప్పు, అంచు మీది గాయం దాని వెలను తగ్గిస్తాయి.

పొర ఎంత చెప్పగలదో తెలియటానికి ఒక ఉదాహరణ చాలు. ఇంగ్లండులో అచ్చయిన 1808 నాటి కాసులను మద్రాసుకు తెస్తున్న అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరాన మునిగింది. ఆ శిథిలం 1984లో బయటపడింది. పీపాల నడిమి నాణేలు కొత్తవన్నె చెడకుండా, ఉప్పునీరు తగిలినవి గుంటలుపడి దొరికాయి. వాటి తోడివి, వేరే ఓడలలో క్షేమంగా చేరినవి, మన సంతలలో చేతులు మారి గోధుమరంగుకు తిరిగాయి. అచ్చు ఒకటే, సంవత్సరం ఒకటే. ముఖం చూసి ఎవరి దారి ఏదో చెప్పవచ్చును.

పొలం దున్నేటప్పుడు దొరికిన నిక్షేపం విలువ పది రూపాయలు మించితే కలెక్టరుకు తెలుపాలని 1878 నాటి చట్టం. నూరేండ్లు దాటిన నాణేలను విదేశాలకు పంపటాన్ని 1972 చట్టం కట్టడి చేసింది. ఇంట్లోని నాణేన్ని అంచులు పట్టుకొని చూచి, ఆమ్లంలేని కాగితపు పొట్లంలో పెట్టండి. మెత్తని ప్లాస్టిక్ సంచులు కొన్నాళ్లకు జిగురుకారి రాగిని పాడుచేస్తాయి. పొట్లం మీద అది ఏ ఊరిలో, ఎవరింట, ఏ పొలంలో దొరికిందో వ్రాసి పెట్టండి.