కూలిన చెట్ల దగ్గర తొందరా నిదానమూ

తుపానుకు కూలిన చెట్టును దారికి అడ్డం లేకుండా తీసేయడం ఒక పని, ఆ తర్వాత దాన్ని ఏం చేయాలో తేల్చడం మరో పని. మొదటిది గంటల్లో తెమలాలి. రెండోదానికి నెలలు పడుతుంది. దాన్ని కూడా మొదటి రోజు ఊపులోనే కానిచ్చేస్తే తుపాను మిగిల్చింది కూడా చేజారుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు, 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని ఊడ్చేసినప్పుడు ఉత్తరాంధ్ర ఈ రెండు పనులూ చూసింది. విశాఖలో వీధి చెట్లు, యూనివర్సిటీ ఆవరణలోని వృక్షాలు, జూ, కంబాలకొండ అడవి దెబ్బతిన్నాయి. అరకు వైపు కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్‌లు విరిగి కాఫీ మొక్కల మీదే పడ్డాయి. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలమట్టమయ్యాయి.

గాలికి చెట్టు రెండు రకాలుగా పడుతుంది. వానకు నేల నాని మెత్తబడి ఉంటే వేళ్లతో సహా పెకలించుకుని వస్తుంది. నేల గట్టిగా ఉండి కాండం బలహీనంగా ఉంటే నడిమికి విరుగుతుంది. పట్టణాల్లో మొదటి రకమే ఎక్కువ. డ్రైనేజీ కాలువకో కేబులుకో ఒక పక్క వేళ్లు నరికేసి, మొదలు చుట్టూ సిమెంటు పోసిన చెట్టు పెద్ద గాలికి నిలబడితేనే ఆశ్చర్యపోవాలి. ఏ రకంగా పడిందన్నది కోసేవాడికి ముందుగా తెలియాల్సిన సంగతి.

మొదటి రోజు లక్ష్యం చెట్టును తీసేయడం కాదు, దారి ఇవ్వడం. ఆసుపత్రి, విద్యుత్ సబ్‌స్టేషన్, మంచినీటి పంపుహౌస్‌లకు వెళ్లే రోడ్లు ముందు. ప్రతి రోడ్డులోనూ ఒక్క అంబులెన్సు పట్టేంత మేర కోసి, ముక్కలను పక్కకు నెట్టి ముందుకు సాగాలి. విపత్తు దళాలు, అగ్నిమాపక సిబ్బంది చేసేది ఇదే. ఊళ్లో మాత్రం తన ఇంటి ముందు చెట్టును పూర్తిగా ఎత్తేదాకా జేసీబీని కదలనివ్వనివాళ్లు ఎప్పుడూ ఉంటారు.

కొమ్మల్లో కరెంటు తీగ చిక్కుకుని ఉంటే లైన్‌మన్ వచ్చి సరఫరా ఆపి, ఎర్తింగ్ చేసేదాకా ఎవరూ ఆ చెట్టును ముట్టుకోకూడదు. ఊరంతా చీకటిగా ఉంది కదా అన్న ధీమా పనికిరాదు. ఎవరింట్లోనో జనరేటరును తప్పుగా కలిపితే ఆ కరెంటు వెనక్కి పారుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెళ్లేసరికి 240 వోల్టులు 11 వేల వోల్టులవుతాయి. తడిసిన పచ్చి కొమ్మలోంచి అది మనిషిని చేరుకోవడానికి తీగను తాకనక్కర్లేదు.

ఇక కోత. నిలబడిన చెట్టును కొట్టడం తెలిసినంత మాత్రాన పడిన చెట్టును కోయడం తెలిసినట్టు కాదు. పడిన చెట్టు తన బరువు కింద తానే వంగి, బిగించిన స్ప్రింగులా ఉంటుంది. దుంగ రెండు చివర్లా ఆని మధ్యలో గాలిలో ఉంటే పైభాగం నొక్కుకుపోయి, అడుగుభాగం సాగి ఉంటుంది. అలాంటి దుంగను పైనుంచే కోస్తూ పోతే రంపం ఆ కోతలోనే ఇరుక్కుంటుంది. ముందు పైన మూడో వంతు లోతు కోసి, తర్వాత కిందనుంచి మిగతాది కోయాలి. ఒక చివర మాత్రమే ఆని రెండో చివర గాలిలో వేలాడుతుంటే లెక్క తిరగబడుతుంది. అప్పుడు సాగి ఉండేది పైభాగం కాబట్టి మొదటి కోత కిందనుంచి, ముగింపు పైనుంచి. పెద్ద చెట్టు కింద పడి విల్లులా వంగిన చిన్న చెట్టు ఇంకా ప్రమాదం. దాన్ని ఒక్క వేటున తెగ్గొడితే ఎగిరొచ్చి ముఖాన కొడుతుంది. వంపు లోపలివైపు నుంచి కొంచెం కొంచెంగా చెక్కుతూ బిగువు వదిలించాలి.

పెకలించుకొచ్చిన వేరు దిమ్మెది వేరే కథ. మట్టితో సహా మనిషి ఎత్తున నిలబడి, కింద గొయ్యి చేసి ఉంటుంది. అటు కాండం బరువు ఆపుతున్నంతసేపు అది కదలదు. కాండం కోసేయగానే ఒక్కసారి వెనక్కి లేచి గోతిలో కూర్చుంటుంది. ఆ గోతిలో పిల్లలు ఆడుకుంటున్నా, కొమ్మలు ఏరుకునేవాళ్లు ఉన్నా బయటపడే వ్యవధి ఉండదు. అందుకే దిమ్మెకు మోకు వేసి బిగించాకే కోత మొదలుపెట్టాలి. పక్క చెట్టుకో గోడకో ఒరిగి ఆగిపోయిన చెట్టు కిందికి వెళ్లి కోయడం పని తెలిసినవాళ్లు ఒప్పుకోరు. దూరం నుంచి మోకుతోనో క్రేనుతోనో లాగి కింద పడేస్తారు. పవర్ రంపం ముక్కు పైభాగం కట్టెకు తగిలితే రంపం వెనక్కి ఎగిరి తంతుంది. భుజం ఎత్తు దాటి రంపం ఎత్తకూడదన్న నియమం అందుకే. 2005 జనవరిలో స్వీడన్‌ను కుదిపేసిన గుడ్రున్ తుపాను తర్వాత చెట్లు తొలగించే పనిలోనూ పలువురు చనిపోయారు. అక్కడివాళ్లు ఆ పనిలో పుట్టి పెరిగినవాళ్లు.

దారులు తెరుచుకున్నాక తొందర ఆపాలి. ముందు లెక్క. చెట్టు ఎవరిది, ఎంత లావు, ఏ జాతి, ఎక్కడ పడింది అన్నది ఫొటోతో సహా రాసుకోవాలి. రోడ్డు పక్క చెట్టు ప్రభుత్వానిది, దాన్ని వేలం వేయాలి. పట్టా భూమిలో చెట్టు రైతుదే అయినా, కలపను రవాణా చేయడానికి అటవీ శాఖ నిబంధనలు వర్తించే జాతులున్నాయి. టేకు, ఎర్రచందనం విషయంలో అవి గట్టివి. సరుగుడు, సుబాబుల్, జామాయిల్ వంటి తోట కలపకు అంత బిగింపు లేదు. నష్టపరిహారం లెక్క తేలేదాకా రైతు చెట్టు కోయడు, సిబ్బంది వచ్చేసరికి రోజులు గడుస్తాయి. ఈ ఆలస్యం కలప ధరను తినేస్తుంది, కొబ్బరికైతే అంతకన్నా పెద్ద చిక్కు తెస్తుంది.

కలపలో అన్నీ ఒకే తీరుగా పాడవవు. టేకు, ఎర్రచందనం వంటివాటి చేవ నెలల తరబడి నేల మీద పడి ఉన్నా చెడదు. మామిడి, బూరుగు వంటి చేవ తక్కువ చెట్లకు, ఏ చెట్టుకైనా పైనుండే తెల్లకట్టెకు కొద్ది వారాల్లోనే బూజు రంగు ఎక్కుతుంది, పురుగు తొలుస్తుంది. బూజుకు తేమ కావాలి, గాలి కూడా కావాలి. కనుక దుంగను కాపాడే మార్గాలు రెండే: వెంటనే పలకలు కోసి నీడలో ఆరబెట్టడం, లేదా గాలి చొరబడనంతగా తడిపి ఉంచడం. మన సామిల్లులకు మొదటిది అలవాటు. రెండోదాన్ని స్వీడన్ భారీ స్థాయిలో చేసి చూపింది. గుడ్రున్ పడగొట్టిన కలప 7.5 కోట్ల ఘనపు మీటర్లు, ఆ దేశం ఇంచుమించు ఏడాదిలో నరికేంత. అంత సరుకు ఒక్కసారి బజారుకొస్తే కొనేవాడుండడు. అందుకని బీహోల్మా అనే పాత విమాన స్థావరంలో దాదాపు 10 లక్షల ఘనపు మీటర్ల దుంగలను గుట్టలుగా పేర్చి, వాటి మీద నీళ్లు చిమ్ముతూ నిలవ ఉంచారు. 1938 హరికేన్ తర్వాత అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో దుంగలను చెరువుల్లో ముంచి దాచారు.

కొమ్మా రెమ్మా కథ వేరు. చూపుకు గుట్టంత కనిపించినా అందులో కలప లేదు. కట్టెను ముక్కలుగా తరిగే చిప్పర్ మిషనులో వేస్తే గుట్ట బాగా తగ్గిపోతుంది. ఆ ముక్కలు చెట్ల మొదళ్లలో పరచడానికి, పేడ కలిపి కంపోస్టు చేయడానికి, ఆరాక బాయిలర్లలో వేయడానికి పనికొస్తాయి. పచ్చి ముక్కలను నేరుగా మట్టిలో కలిపితే మాత్రం అవి కుళ్లేటప్పుడు నేలలోని నత్రజనిని లాగేసుకుని పైరుకు కరువు తెస్తాయి. అగ్గిపుల్ల గీయడమే సులువని తోస్తుంది కానీ, పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీరే. అది మండడం కన్నా పొగచూరడమే ఎక్కువ. చెత్తను ఆరుబయట తగలబెట్టడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో నిషేధించింది కూడా.

నిదానానికి అసలు చోటు లేనిది కొబ్బరి తోటలో. మామిడికో వేపకో కొమ్మలు విరిగినా కొత్త చిగురు పుడుతుంది. కొబ్బరికి పెరిగే చోటు ఒక్కటే, నడినెత్తిన ఉండే మొవ్వు. అది విరిగితే చెట్టు నిలబడి ఉన్నా చచ్చినట్టే. చచ్చిన కొబ్బరి మాను కొన్ని నెలలకు కుళ్లి మెత్తబడుతుంది, కొమ్ము పురుగు అందులో గుడ్లు పెడుతుంది. కొంకీలా వంగి ఉండే తెల్లని పిల్ల పురుగులు లోపలే బలిసి, పెద్ద పురుగులై బయటికొచ్చి బతికిన చెట్ల మొవ్వులను తొలుస్తాయి. కొత్త మట్ట విచ్చుకున్నాక ఆకులు కత్తెరతో కోసినట్టు కనిపిస్తే అది ఈ పురుగు పనే. ఆ గాయాల్లోకి ఎర్రముక్కు పురుగు దిగి లోపలినుంచి చెట్టునే చంపుతుంది. అంటే తుపాను పడగొట్టిన చెట్లను వదిలేస్తే, తుపాను వదిలేసిన చెట్లు ఆ తర్వాత పోతాయి.

కాబట్టి కొబ్బరి మానును మీటరు ముక్కలుగా కోసి నిలువునా చీల్చాలి. చీల్చిన కట్టె త్వరగా ఆరుతుంది, ఆరిన కట్టెలో పురుగు పెరగదు. మొదళ్లను తవ్వి తీయాలి. మిగిలిన వేళ్లలో గానోడెర్మా తెగులు పొంచి ఉండే అవకాశం ఉంది. కొమ్ము పురుగు పెరిగే మరో చోటు పేడ దిబ్బలు; వాటిలో మెటారైజియం అనే ఆకుపచ్చ బూజు మందు కలిపితే పిల్ల పురుగులు చస్తాయి. నిలబడిన చెట్ల మట్టల సందుల్లో వేపపిండి, ఇసుక కలిపి వేయడం పాత చిట్కాయే, బాగానే పనిచేస్తుంది.

మాను అంతటినీ పొయ్యిలో పెట్టాల్సిన పని కూడా లేదు. కొబ్బరి కాండంలో వెలుపలి భాగం నల్లగా గట్టిగా, లోపలిది స్పంజులా ఉంటుంది. వెలుపలి కట్టె దూలాలకు, వాసాలకు సరిపోతుంది. మామూలు రంపం పళ్లు దాని మీద ఇట్టే మొద్దుబారతాయి, కార్బైడ్ అతికిన పళ్లు కావాలి. 2013 నవంబరులో హైయాన్ తుపాను ఫిలిప్పీన్స్‌లో 3 కోట్లకు పైగా కొబ్బరి చెట్లను దెబ్బతీసింది. అక్కడ కూలిన మానులనే పలకలు కోసి ఇళ్లు తిరిగి కట్టుకున్నారు. కొబ్బరి తోటలకు పేరుబడ్డ ఉద్దానంలోనూ అలాంటి కోత మిల్లులు ఉండాల్సింది.

పడిన ప్రతి చెట్టూ పోయినట్టు కాదు. సగం వేళ్లు నేలలోనే ఉండి ఒరిగిన లేత చెట్టును కొద్ది రోజుల్లోపు నిలబెట్టవచ్చు. తేలిన వేళ్లకు తడి గోనె కప్పాలి, పైకొమ్మలు కొంత తగ్గించాలి, మోకుతో మెల్లగా లాగి నిలిపి దన్నులు కట్టాలి. మర్రి, రావి వయసు మళ్లినవైనా దీనికి లొంగుతాయి. 2020లో ఆంఫన్ తర్వాత కోల్‌కతాలో పెద్ద చెట్లను క్రేన్లతో తిరిగి నాటారు. విరిగిన జీడిమామిడి కొమ్మలను నున్నగా కోసి బోర్డో ముద్ద రాస్తే చిగురిస్తాయి.

అడవిలో లెక్కలన్నీ మారిపోతాయి. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి దగ్గర, ఏటూరునాగారం అభయారణ్య ప్రాంతంలో పెనుగాలికి వేల చెట్లు కూలాయి. అభయారణ్యంలో కూలిన కలపను ఎత్తుకెళ్లి అమ్మడం కుదరదు. వన్యప్రాణులకు మేలు జరుగుతుందనుకుంటేనే తీయాలనీ, తీసినదాన్ని చుట్టుపక్కల ప్రజల సొంత అవసరాలకు తప్ప వ్యాపారానికి వాడకూడదనీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 29వ సెక్షన్ చెబుతుంది. అది సబబే. కుళ్లే మాను పుట్టగొడుగులకు, చెదలకు, వాటిని తినే పక్షులకు, ఎలుగుబంట్లకు ఆహారం. కూలినచోట వెలుగు పడి విత్తనాలు మొలుస్తాయి. యంత్రాలు దింపి దుంగలు ఈడిస్తే ఆ మొలకలే ముందు పోతాయి. తీయాల్సింది రోడ్ల మీద పడినవాటిని, బాటల మీదికి ఒరిగినవాటిని. వేసవిలో ఎండు కొమ్మల రాశికి నిప్పంటుకుంటే ఆపడం కష్టం కాబట్టి ఫిబ్రవరిలోపు ఫైర్‌లైన్ల (నిప్పు పాకకుండా ఖాళీగా ఉంచే దారుల) వెంబడి ఎండుకట్టెను ఏరి పక్కకు వేయాలి, వెలుగు పడ్డచోట ముందుగా కమ్ముకొచ్చే లాంటానా పొదలను మొక్కగా ఉండగానే పీకాలి.